గోడ మీది హడ్సన్ నది: ఒక కాన్వాస్ ప్రింటు, దానిలోని చిత్రకారుడు

ఉత్తర వర్జీనియాలోని మా ఇంటి హాల్లో సోఫా వెనక గోడ రెండేళ్లపాటు బోసిగానే ఉండిపోయింది. దేవుడి పటాలు పూజగదికి, పెళ్లి ఫోటోలు మెట్ల పక్కకి చేరాక, ఆ గోడకు ఏదైనా పెద్ద ప్రకృతి దృశ్యం తగిలిద్దామని కిందటి సెప్టెంబరులో ఆన్‌లైన్‌లో వెతికి, ‘వింటేజ్ ఆటమ్ ల్యాండ్‌స్కేప్’ అన్న పేరుతో అమ్ముతున్న ఒక కాన్వాస్ ప్రింటు తెప్పించాను. కొలత 24 × 36 అంగుళాలు, ధర పన్నుతో కలిపి 148 డాలర్లు. అమ్మినవారి పేరు చెప్పడం లేదు. ఇదే బొమ్మను ఇదే మాటలతో అమ్మే దుకాణాలు డజన్లకొద్దీ ఉన్నాయి కనుక, ఈ సమీక్ష ఒక దుకాణం గురించి కాక ఆ సరుకు గురించే అనుకోవచ్చు.

వస్తువుగా చూస్తే ఫిర్యాదు చేయడానికి తక్కువే ఉంది. అట్టపెట్టె మూలలకు స్పాంజి దిమ్మెలు పెట్టి పంపారు. లోపలి కర్రచట్రం బిగువుగా, వంకర లేకుండా ఉంది. గుడ్డను చట్రం మీదుగా వెనక్కి మడిచి, మూలల్లో ముడతలు లేకుండా పిన్నులు కొట్టారు; తగిలించడానికి కొక్కెం కూడా ముందే బిగించి ఉండటంతో పావుగంటలో గోడెక్కింది. అట్టపెట్టె మీద, వెనక చీటీ మీద, లోపలి కాగితం మీద ‘మ్యూజియం నాణ్యత’ అని మూడుచోట్ల అచ్చువేశారు గానీ, ఆ బొమ్మ గీసినవాడి పేరు మాత్రం ఒక్కచోట కూడా లేదు. నూట అరవై ఏళ్లకు పైబడిన చిత్రం మీద ఎవరికీ హక్కులు ఉండవు, ఎవరైనా అచ్చువేసి అమ్ముకోవచ్చు. అయినా అన్నమయ్య కీర్తనను ‘పాత భక్తిపాట’ అని అమ్మితే మనకు ఎలా ఉంటుందో నాకూ అలాగే అనిపించింది.

ఫోనులో బొమ్మను చూపించి వెతికితే అర నిమిషంలో పేరు దొరికింది. చిత్రం పేరు ‘ఆటమ్ ఆన్ ద హడ్సన్ రివర్’. గీసినవాడు జాస్పర్ ఫ్రాన్సిస్ క్రాప్సీ, గీసిన సంవత్సరం 1860. అసలు చిత్రం వాషింగ్టన్ నగరంలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో, అంటే మా ఇంటికి గంట దూరంలో, టికెట్టు లేకుండా ఎవరైనా వెళ్లి చూడగలిగే గోడ మీద ఉందని తెలిసేసరికి, 148 డాలర్లు పెట్టి కొన్నది దాని నీడను మాత్రమేనన్న సంగతి అర్థమైంది.

ఆ నెలలోనే మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. హాల్లోకి అడుగుపెట్టి, గోడ వంక చూసి, చెప్పులు విడవకుండానే అడిగింది: “అడివి తగలబడుతున్నట్టుంది, ఇదేం బొమ్మ నాన్నా?” నేను నవ్వేసి, ఇక్కడి చెట్లు అలాగే ఉంటాయమ్మా, నెల ఆగితే నీ కళ్లతో నువ్వే చూస్తావు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఎండుటాకు పసుపుగా ఉంటుంది, లేదంటే మట్టిరంగులో ఉంటుంది గానీ ఇలా కుంకుమ పోసినట్టు ఎక్కడైనా ఉంటుందా అని ఆమె వాదన. సరిగ్గా ఇదే అనుమానం 1860లో లండన్ జనానికి, అసలు చిత్రం ముందు నిలబడి కూడా వచ్చిందని నేను తరువాత చదివి తెలుసుకున్నాను.

క్రాప్సీ 1823లో న్యూయార్క్ పరిధిలోని స్టాటెన్ ద్వీపంలో పుట్టాడు. చిన్నతనంలో ఆరోగ్యం బాగుండక బడి మానేసి ఇంట్లో ఉన్న రోజుల్లో సొంతంగా బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్ల వయసులో అతను తయారుచేసిన ఒక ఇంటి నమూనాకు బహుమతి రావడంతో, ఒక వాస్తుశిల్పి కార్యాలయంలో అయిదేళ్లు పని నేర్చుకుని, 1843 నాటికి తనే సొంత కార్యాలయం తెరిచాడు. అంటే వృత్తిరీత్యా ముందు ఇళ్ల ప్లాన్లు గీసినవాడు. చెట్లూ కొండలూ తరువాత వచ్చాయి. హడ్సన్ లోయను, దాని చుట్టుపక్కల కొండలను గీసిన ఆ కాలపు చిత్రకారుల బృందానికి హడ్సన్ రివర్ స్కూల్ అని పేరు పడింది. ఆ బృందానికి ఆద్యుడు థామస్ కోల్. క్రాప్సీ 1847లో పెళ్లి చేసుకుని భార్య మరియాతో ఐరోపా వెళ్లినప్పుడు రోమ్‌లో పనిచేసింది, అంతకుముందు కోల్ వాడిన స్టూడియోలోనే.

1856లో క్రాప్సీ లండన్ చేరి, 1863 దాకా అక్కడే ఉన్నాడు. మన గోడల మీదకు ఎక్కిన ఈ హడ్సన్ దృశ్యాన్ని అతను హడ్సన్ ఒడ్డున కూర్చుని గీయలేదు. ఆ నది విడిచి వచ్చిన నాలుగేళ్లకు, లండన్ స్టూడియోలో, పాత స్కెచ్చులనూ జ్ఞాపకాన్నీ ఆధారం చేసుకుని, దాదాపు తొమ్మిది అడుగుల వెడల్పూ అయిదు అడుగుల ఎత్తూ ఉన్న కాన్వాస్ మీద గీశాడు. దేశం విడిచి వచ్చినవాడు సొంత ఊరి చెట్లను గుర్తుచేసుకుంటూ గీసిన బొమ్మ అనే సంగతి, ఇక్కడ స్థిరపడిన మనలాంటి వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండులో చెట్లు ఆకు రాల్చే ముందు ఎక్కువగా పసుపుకూ గోధుమరంగుకూ తిరుగుతాయి. ఆకులో పచ్చదనానికి కారణమైన క్లోరోఫిల్ కరిగిపోగానే, అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. అది అన్నిచోట్లా జరిగేదే. అయితే ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లోని మేపుల్ వంటి కొన్ని జాతులు, పగలు ఎండగా, రాత్రులు చల్లగా ఉండే రోజుల్లో, ఆకులో మిగిలిన చక్కెరల నుంచి ఆంథోసయనిన్ అనే ఎర్రని పదార్థాన్ని కొత్తగా తయారుచేసుకుంటాయి. ఆ ఎరుపును ఎన్నడూ చూడని లండన్ ప్రేక్షకులు, చిత్రకారుడు కల్పించి చెబుతున్నాడని అనుమానించారు. క్రాప్సీ వాళ్లతో వాదన పెట్టుకోలేదు. అమెరికా నుంచి నిజమైన ఆకులను తెప్పించి చిత్రం పక్కనే ప్రదర్శించాడు. చిత్రానికి మంచి పేరు వచ్చింది. 1862లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకు సంబంధించిన అమెరికా సంఘంలో విక్టోరియా రాణి అతన్ని సభ్యుడిగా నియమించింది.

అక్టోబరు మూడో వారంలో అమ్మను తీసుకుని షెనాండోవా కొండల మీద స్కైలైన్ డ్రైవ్‌కు వెళ్లాము. కారు ఆపిన మొదటి మలుపులోనే ఆమె దిగి, రోడ్డు పక్కన రాలిన ఎర్ర మేపుల్ ఆకు ఒకటి తీసి, వేళ్లతో రుద్ది చూసింది, రంగు చేతికి అంటుతుందేమోనని. ఆమె అనుమానం తీరిందనే అనుకున్నాను. కానీ ఇంటికి వచ్చాక ఆ ఆకును తీసుకెళ్లి ప్రింటు మీద ఆనించి, “ఈ ఎరుపు వేరు, ఆ ఎరుపు వేరు” అంది. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా చూస్తే ఆమె మాట నిజమే. ఆకులోని ఎరుపు అడుగున గోధుమ ఛాయ ఉంది, ఈనెల వెంట ఇంకా కాస్త పచ్చదనం మిగిలి ఉంది, అంచుల్లో పసుపు ఉంది. ప్రింటులోని ఎరుపు ఒకే మోతాదులో, టమాటా కెచప్ రంగులో, చెట్టు మొత్తానికీ ఒకే పూత పూసినట్టు ఉంది. ఇంతకీ లండన్ వాళ్ల అనుమానం తప్పు, అమ్మ అనుమానం సరైనది. క్రాప్సీ నిజం రంగు వేస్తే వాళ్లు నమ్మలేదు. ప్రింటు వేసినవాళ్లు లేని రంగు పోస్తే మేము నమ్మి కొన్నాము.

ఆ మరుసటి ఆదివారం గ్యాలరీకి వెళ్లాము. పడమటి భవనంలో అమెరికన్ చిత్రాల గదుల్లో, ఒక గోడను దాదాపు ఒంటరిగా ఆక్రమించుకుని ఉంది అసలు చిత్రం. ముందు కంటికి తగిలేది ఎరుపు కాదు, వెలుగు. మేఘాల చాటున ఉన్న సూర్యుడి నుంచి కిరణాలు లోయలోకి జారుతున్నాయి. ఆ వెలుగు తగిలిన మేరకే ఆకులు మండుతున్నాయి, తగలని చోట నీడలో చల్లబడి ఊదాగా, మట్టిరంగుగా ఉన్నాయి. ఎర్రగా ఉన్న చెట్లు నిజానికి కొన్నే, వాటి చుట్టూ ఆకుపచ్చా గోధుమా ఎంత ఉందో లెక్కపెట్టవచ్చు. ఎత్తయిన చోటు నుంచి చూస్తున్నట్టు గీసిన ఆ దృశ్యంలో, ముందుభాగం నుంచి ఒక చిన్న వాగు బయలుదేరి, వంపులు తిరుగుతూ పోయి దూరాన తళతళలాడే హడ్సన్ నదిలో కలుస్తుంది; అవతల స్టార్మ్ కింగ్ కొండ వాలు పొగమంచులో లేత నీలంగా నిలబడి ఉంటుంది.

అరగంటసేపు చూశాక గానీ మనుషులు కనబడలేదు. ముందు ముగ్గురు వేటగాళ్లు, వాళ్ల కుక్కలు. తుపాకులు పక్కన పడేసి వెలుగు వంక చూస్తున్నారు. వాగు మీద వంతెన, దాని మీద ఆడుకుంటున్న పిల్లలు. ఒక దుంగల గుడిసె, మేస్తున్న గొర్రెలు. అమ్మ మాత్రం వాగులో మోకాళ్ల లోతున కదలకుండా నిలబడ్డ ఆవుల దగ్గర ఆగిపోయింది. “నీళ్లు తాగడం అయిపోయింది వాటికి, ఊరికే చల్లగా ఉందని నిలబడ్డాయి,” అంది. పశువులను కట్టి పెంచిన ఇంట్లో పుట్టింది కనుక ఆ మాట ఆమెకే తోచాలి. అది విన్నాక నాకు ఆ బొమ్మలో ఎండాకాలపు చివరి వేడి ఇంకా మిగిలి ఉందనిపించింది. మా ప్రింటులో అవే ఆవులు నాలుగు గోధుమ చుక్కలు. అవి ఆవులని అంతవరకూ నేను గమనించనేలేదు.

ఇక్కడ కొలతల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనబోయేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అసలు చిత్రం 151.8 × 274.9 సెంటీమీటర్లు. అంటే ఎత్తు ఒక వంతైతే వెడల్పు దాదాపు 1.8 వంతులు. దుకాణాల్లో దొరికే 24 × 36 అంగుళాల ప్రింటులో వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లే. ఎత్తును ఉన్నదున్నట్టు ఉంచి ఆ చట్రంలో పట్టించాలంటే బొమ్మ వెడల్పులో ఆరో వంతుకు పైగా కోసేయాలి. పైగా గుడ్డను చట్రం పక్కలకు మడిచే పద్ధతిలో నాలుగు వైపులా అంగుళమూ అంగుళంన్నర బొమ్మ మడత కిందికి పోతుంది. విశాలమైన లోయను ఇటూ అటూ పట్టి నిలిపే అంచులు పోయేసరికి, మధ్యలోని ఎర్రచెట్లు ముందుకు తోసుకొచ్చి, నది వెనక్కి పోయి, దృశ్యం తోటలా ఇరుకై కనిపిస్తుంది. ఇళ్ల ప్లాన్లు గీసి వచ్చినవాడు కొలిచి పెట్టిన వెడల్పు అది. దాన్ని కోస్తే రంగు ఎంత బాగా పడినా ప్రయోజనం లేదు. అమ్మకపు పేజీలో చూపిన బొమ్మ మాత్రం పూర్తి వెడల్పుతోనే ఉంది. ఈ సంగతి అడిగితే, ‘ఎంచుకున్న సైజును బట్టి కూర్పులో స్వల్ప మార్పులు ఉండవచ్చు’ అన్న వాక్యం పేజీ అడుగున ఉందని జవాబు వచ్చింది. ఉంది, చిన్న అక్షరాల్లో. డబ్బు వాపసు ఇవ్వలేదు. తరువాతి కొనుగోలుకు పది శాతం తగ్గింపు కూపను పంపారు.

తగ్గింపును నేను వాడుకోలేదు. నేషనల్ గ్యాలరీ, హక్కుల గడువు తీరిన తన చిత్రాల ఫోటోలను ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకునే వీలు కల్పించింది. ఆ ఫోటో దించుకుని, మా ఊళ్లోనే ఫోటోలు అచ్చువేసే ఒక చిన్న షాపుకు వెళ్లి, 36 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తులో, మెరుపు లేని మందపాటి కాగితం మీద వేయించాను. రంగులను ముట్టుకోవద్దని, ‘ఎన్‌హాన్స్’ చేయవద్దని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కౌంటరులో ఉన్న కుర్రవాడు తెర మీద చూసి, కాస్త డల్‌గా ఉంది సార్, రంగు పెంచుతాను అని తనే చొరవ చూపించబోయాడు. చిన్న ముక్క మీద ముందు నమూనా వేయించుకోవడం మేలు. ప్రింటుకు 62 డాలర్లు, తెల్లటి అట్ట అంచుతో సన్నని నల్ల కర్రఫ్రేముకు 95 డాలర్లు అయ్యాయి; వెరసి మొదటిదాని కంటే తొమ్మిది డాలర్లు మాత్రమే ఎక్కువ. ఈ వెడల్పుకు రెడీమేడ్ ఫ్రేములు దొరకవు, కొలత ఇచ్చి చేయించుకోవాలి. అద్దం ఎదురుగా కిటికీ ఉంటే ప్రతిబింబం పడుతుంది కనుక మెరుపు లేని అక్రిలిక్ అడిగాను. అది ఆ ధరలోనే కలిసింది.

ఫలితం తేడాగానే ఉంది. అసలు వైశాల్యంలో ఇది తొమ్మిదో వంతు మాత్రమే. వేటగాళ్లు గోటికొన అంత ఉంటారు. అయినా వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది, నది నదిలా కనిపిస్తుంది, నాలుగడుగుల దూరంలో నిలబడితే ఆవులు ఆవులే. నీడల్లో వివరం కొంత పోయింది, ఎడమ పక్క చెట్ల మొదళ్లు నల్లగా కలిసిపోయాయి; కాగితం మీద ఆ మేరకు లోటు తప్పదు. మొదటి కాన్వాస్‌కు ఒక్క సుగుణం మాత్రం మిగిలింది, దూరం నుంచి గుడ్డ నేత వల్ల నూనెరంగు చిత్రమనే భ్రమ కలుగుతుంది. ఆ భ్రమే కావాలనుకునేవారు పూర్తి వెడల్పును అడిగి, చుట్టూ మడతకు వేరే తెల్ల అంచు వదలమని చెప్పి, కాన్వాస్ మీదే వేయించుకోవచ్చు.

పేరు గురించి ఒక మాట. అమ్మకు ఈ బొమ్మను పరిచయం చేస్తూ ‘శరత్తు’ అన్నాను, నిఘంటువు చెప్పినట్టు. ఆమె ఒప్పుకోలేదు. మన శరత్తు అంటే ఆశ్వయుజ కార్తికాలు. రెల్లు పూసి, తెల్ల మబ్బులు తేలి, వెన్నెల కాసే రోజులు. మన దగ్గర ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, శిశిరంలో. నెలలు చూస్తే ఈ బొమ్మ శరత్తు, చెట్లు చూస్తే శిశిరం. ఇక్కడి తెలుగువాళ్లంతా ‘ఫాల్ కలర్స్ చూడటానికి వెళ్దాం’ అనుకోవడం బద్ధకం వల్ల కాదని, ఆ రెండింటికీ మధ్య ఉన్న ఋతువుకు మన దగ్గర మాట అవసరం పడలేదు కాబట్టేనని నాకు తోచింది.

చిత్రకారుడి తరువాతి జీవితం కూడా కొనేవాళ్లకు తెలిసి ఉండటం మంచిది. 1863లో స్వదేశానికి తిరిగివచ్చాక క్రాప్సీకి గిరాకీ బాగానే సాగింది. 1869లో న్యూయార్క్ రాష్ట్రంలోని వార్విక్‌లో 29 గదుల భవనం తనే ప్లాను గీసి కట్టించుకుని, దానికి అలాడిన్ అని పేరు పెట్టుకున్నాడు. కాలం మారి, ఫ్రెంచి పద్ధతి చిత్రాల మీదికి కొనేవాళ్ల మోజు మళ్లడంతో అప్పులపాలై, 1884లో ఆ ఇంటిని వదులుకోవాల్సి వచ్చింది. మధ్యలో పాత వృత్తి ఆదుకుంది: న్యూయార్క్‌లో సిక్స్త్ ఎవెన్యూ మీద ఎత్తున నడిచే రైలుమార్గానికి స్టేషన్ల డిజైను 1878 ప్రాంతంలో చేసింది ఇతనే. ఆ మార్గాన్ని 1930ల చివర్లో కూల్చేశారు. హడ్సన్ ఒడ్డునే, హేస్టింగ్స్‌లో, ఎవర్ రెస్ట్ అని పేరుపెట్టుకున్న చిన్న ఇంటికి చేరి, దానికి ఒక స్టూడియో జోడించుకుని, 1900లో చనిపోయేదాకా అక్కడే ఆకులు రాలే చెట్లను గీస్తూ ఉన్నాడు. ఆ ఇంటిని ఇప్పుడు న్యూవింగ్టన్ క్రాప్సీ ఫౌండేషన్ కాపాడుతోంది.

ఆయన చిత్రకళలోని మరో ముఖం చూడాలంటే వాషింగ్టన్‌లో అదే గ్యాలరీ సేకరణలో 1851 నాటి ‘ద స్పిరిట్ ఆఫ్ వార్’ ఉంది. కోటలూ గుర్రాలూ చీకటి కొండలతో నిండిన ఆ చిత్రం నాకు నాటకం సెట్టింగులా అనిపించింది. అది చూశాకే, ఆవులూ వాగూ ఉన్న ఈ లోయలో ఆయన చేయి ఎంత తేలికపడిందో అర్థమైంది.

మార్కులు వేయాల్సి వస్తే, ఆన్‌లైన్ కాన్వాస్‌కు అయిదుకు రెండు: ఒకటి చట్రానికి, ఒకటి ప్యాకింగుకు. స్థానికంగా వేయించుకున్నదానికి నాలుగు. అసలు చిత్రానికి మార్కులు వేసే అర్హత నాకు లేదు. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఏదైనా కొనేముందు ఒకసారి వెళ్లి అయిదు నిమిషాలు కాకుండా అరగంట నిలబడి చూసి, ఏ రంగు ఎంత మోతాదులో ఉందో ఫోనులో కాక కంటితో గుర్తుపెట్టుకుని రావడం మంచిది. గదికి మధ్యలో బెంచీ ఉంటే అమ్మలను కూర్చోబెట్టవచ్చు. మా అమ్మ కూర్చోలేదు. పాత కాన్వాస్ ఇప్పుడు గ్యారేజీలో, వడియాలు ఎండబెట్టే పళ్లేల వెనక ఉంది. మేపుల్ ఆకును కొత్త ఫ్రేము మూలలో గుచ్చి తెనాలి వెళ్లిపోయింది అమ్మ. డిసెంబరు కల్లా అది ముడుచుకుని మట్టిరంగుకు తిరిగింది, ఆమె ముందే చెప్పినట్టు.